మార్చినవాడే సర్దాలి

పోయినేడాది జూన్‌లో ఒక శనివారం రాత్రి మేం ఒక అప్‌డేట్ ఎక్కించాం. ఇంజనీరింగ్ కాలేజీల వాళ్ళు పాఠాలు, పరీక్షలు పెట్టుకోడానికి వాడే సాఫ్టువేరు అది. (కంపెనీ పేరు వద్దులెండి, ఉద్యోగం ఉండాలి కదా :) ) ప్రశ్నలు దాచే ఫార్మాట్ మార్చాం. పాతది నిజంగానే చెత్తగా ఉండేది. కొత్తది చూస్తే మాకే ముచ్చటేసింది. రిలీజ్ నోట్స్ రాసే పని నా మీద పడింది. "పాత ఫార్మాట్‌లోని ప్రశ్నలను మళ్ళీ ఎక్కించుకోవలెను" అని చివర్లో ఒక లైను పడేసి, ఆదివారం తెల్లారుజామున చాయ్ తాగి పడుకున్నాను.

సోమవారం సపోర్ట్ కాల్‌లో ఒక లెక్చరర్ మేడమ్ లైన్లోకొచ్చారు. అరవలేదు, తిట్టలేదు. "బాబూ, కొత్తది బాగానే ఉంది. కానీ ఆరేళ్ళ నుంచి నేను రాసుకున్న ప్రశ్నలన్నీ అందులోనే ఉన్నాయి. అవన్నీ మళ్ళీ ఎవరు ఎక్కిస్తారు?" అని అడిగారు. నేనేమన్నానో తెలుసా? "రిలీజ్ నోట్స్‌లో ఇచ్చాం మేడమ్" అన్నాను. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది.

ఆ వారం రోజులూ రాత్రిళ్ళు కూర్చుని, యూనివర్సిటీల్లో ఇలాంటి సాఫ్టువేర్లు ఎలా పుట్టాయో, ఎలా మారుతూ వచ్చాయో చదివాను. మేడమ్ అడిగిన ప్రశ్న చాలా పాతదని అప్పుడు తెలిసింది. ఇంకో సంగతి కూడా తెలిసింది. యాభై ఏళ్ళ క్రితం ఒక చోట ఆ ప్రశ్నకి జవాబు ఉండేది!

అమెరికాలో ఇల్లినాయ్ యూనివర్సిటీ అర్బానా క్యాంపస్. 1960లో డోనాల్డ్ బిట్జర్ అనే ఎలక్ట్రికల్ ఇంజనీరు అక్కడి ఇలియాక్ కంప్యూటర్‌కి ఒక టెర్మినల్ తగిలించి, దాని మీద పాఠం చెప్పించే ప్రయత్నం మొదలుపెట్టాడు. దాని పేరు ప్లేటో. (గ్రీకు ఆయన కాదు.) మొదట ఒక్కరే కూర్చోగలిగేవారు. 1972 నాటికి ప్లేటో నాలుగో తరం వచ్చేసింది. నారింజ రంగులో వెలిగే ప్లాస్మా తెర, వేలితో ముట్టుకుంటే స్పందించడం... అన్నీ అప్పుడే! అసలు ప్లాస్మా తెరని 1964లో అక్కడ కనిపెట్టిందే ఈ ప్లేటో కోసం.

తెర సంగతి అలా ఉంచి, పాఠాలు రాసే భాష సంగతి చూద్దాం. దాని పేరు ట్యూటర్. రూపొందించింది పాల్ టెన్‌జార్ అనే జువాలజీ విద్యార్థి. ప్రోగ్రామర్ల కోసం కాదు, టీచర్లు ఎవరి పాఠం వాళ్ళే రాసుకోవాలని చేసిన భాష అది. రాశారు కూడా. కెమిస్ట్రీ వాళ్ళూ, భాషలు చెప్పేవాళ్ళూ గంటల కొద్దీ పాఠాలు అందులో రాసి పెట్టారు.

ఇప్పుడు మనలాంటి వాళ్ళకి రావాల్సిన అనుమానం ఒకటుంది. భాష ఎదుగుతూ ఉంటుంది కదా, కమాండ్లు మారుతుంటాయి కదా, మరి పాత పాఠాల గతేంటి? పాఠాలన్నీ ఒకే కేంద్ర యంత్రంలో ఉండేవి. భాషలో ఏదన్నా మార్చాల్సి వస్తే, ఆ మార్చే వాళ్ళే ఒక కన్వర్షన్ ప్రోగ్రాము కూడా రాసి, అప్పటికే ఉన్న పాఠాల మీద నడిపి, అన్నింటినీ కొత్త తీరులోకి తెచ్చేవాళ్ళు. కెమిస్ట్రీ మాస్టారు తన పాఠాన్ని మళ్ళీ ఎక్కించుకోనక్కర్లేదు. మార్చినవాడే సర్దేవాడు. ఇది చదివి కాసేపు అలా కూర్చుండిపోయాను. నా రిలీజ్ నోట్స్ లైను గుర్తొచ్చింది.

ఇంకో ముచ్చట కూడా ఉంది. ప్లేటోలో ఏదన్నా పని చెయ్యకపోతే మొదట్లో అందరూ ఒకే ఫైల్లో రాసేవాళ్ళు. సిస్టమ్ వాళ్ళు కూడా అందులోనే జవాబిచ్చేవాళ్ళు. ఎవరు రాశారో తెలీదు, ఎవరైనా ఎవరిదైనా చెరిపేయొచ్చు. 1973లో టెన్‌జార్ ఈ గోల తీర్చమని డేవిడ్ వూలీ అనే కుర్రాడికి చెప్పాడు. వయసు పదిహేడు! అతను రాసినదే ప్లేటో నోట్స్. ప్రతి ఫిర్యాదు మీదా రాసినవారి ఐడీ, తేదీ, సమయం వాటంతటవే పడేవి. పక్కవాడు వచ్చి దాన్ని దిద్దలేడు. దాని కిందే జవాబులు. సిస్టమ్‌లో జరిగే మార్పుల ప్రకటనలకి ఒక విభాగం, సాయం అడగడానికి ఒకటి, అందరి కబుర్లకీ ఒకటి. ఇప్పుడు మనం రోజూ తెరిచే బగ్ ట్రాకర్లకీ, చర్చావేదికలకీ ముత్తాతల్లో ఒకటి ఇలా ఒక యూనివర్సిటీలో, పాఠం ఆగిపోయిన టీచరు గోడు వినడానికి పుట్టింది. మార్చినవాడు అందరి ముందూ జవాబు చెప్పాలి. అదీ అందులో ఉన్న కిటుకు.

"ఒక్క మెషీన్, ఒక్క ఊరు. అక్కడ కుదిరింది, మనకెలా కుదురుతుంది?" అంటారా? నిజమే. ప్లేటో ఖరీదైన వ్యవహారం. పెద్ద మెయిన్‌ఫ్రేమ్ కావాలి, దానికి తగ్గ టెర్మినళ్ళు కావాలి. 1976లో కంట్రోల్ డేటా కంపెనీ దాన్ని వ్యాపారంగా అమ్మడం మొదలుపెట్టింది గానీ ఆశించినంత నడవలేదు. వెబ్ వచ్చాక కథే మారిపోయింది.

ఆ మారిన కథ కెనడాలో, వాంకూవర్‌లో మొదలవుతుంది. బ్రిటిష్ కొలంబియా యూనివర్సిటీలో ముర్రే గోల్డ్‌బర్గ్ అనే ఆయన కంప్యూటర్ సైన్సు చెప్పేవాడు. 1995లో ఆపరేటింగ్ సిస్టమ్స్ కోర్సుని వెబ్‌లో పెట్టి ఒక ప్రయోగం చేశాడు. ఒక గుంపుకి క్లాసు పాఠమే, ఒక గుంపుకి వెబ్ పాఠమే, మూడో గుంపుకి రెండూ. రెండూ ఉన్నవాళ్ళు బాగా చేశారు. ఐతే ఆ వెబ్ కోర్సు తయారుచెయ్యడానికి పడ్డ చాకిరీ చూసి, వేరే టీచర్లకి ఆ బాధ ఉండకూడదని ఒక పనిముట్టు రాశాడు. అదే వెబ్‌సీటీ. 1996లో పారిస్‌లో జరిగిన వెబ్ సదస్సులో చూపిస్తే మాకూ కావాలంటూ అందరూ వెంటపడ్డారు. కొన్నేళ్ళలోనే వందల యూనివర్సిటీలకి చేరింది.

గమనించారా? ఇక్కడా టీచరే టీచర్ల కోసం రాశాడు. కానీ వందల యూనివర్సిటీలకి ఒక్క మనిషి సపోర్టు ఇవ్వలేడు కదా. 1999లో వెబ్‌సీటీని ఒక అమెరికన్ కంపెనీ కొనేసింది. 2005 అక్టోబర్‌లో, అప్పటికి దాని పెద్ద పోటీదారైన బ్లాక్‌బోర్డ్ దాదాపు 18 కోట్ల డాలర్లకి దాన్ని కొంటున్నట్టు ప్రకటించింది. 2006 ఫిబ్రవరికల్లా ఒప్పందం పూర్తయింది. తర్వాత వెబ్‌సీటీ అన్న పేరు మెల్లగా చెరిగిపోయింది.

మరి వెబ్‌సీటీ పుట్టిల్లు సంగతేమిటి? బ్రిటిష్ కొలంబియా యూనివర్సిటీలో ఒక టీచరు మొదటి నుంచీ ఉన్నారనుకుందాం. ఆమె తొంభైల్లో వెబ్‌సీటీలో కోర్సు పెట్టారు. తర్వాత వెబ్‌సీటీ విస్టాకి మారారు. 2010ల మొదట్లో బ్లాక్‌బోర్డ్ లెర్న్‌కి మారారు, అక్కడ దాన్ని కనెక్ట్ అని పిలిచేవారు. 2018 నాటికి కాన్వాస్‌కి మారారు. ఒక్క ఉద్యోగంలో మూడుసార్లు ఇల్లు మారడం! ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు గానీ, ఇల్లు మారి చూడు అన్నది కూడా చేర్చాలి అందులో. ప్రతిసారీ కొన్ని సామాన్లు విరుగుతాయి. కొన్ని లారీలోనే ఉండిపోతాయి. కొన్ని అట్టపెట్టెల్ని ఎప్పటికీ విప్పం.

"ఓపెన్ సోర్స్ ఉంది కదా" అంటారు మనవాళ్ళు. నేనూ అనేవాణ్ణి. దాని కథా చూద్దాం. ఆస్ట్రేలియా ఎడారి ప్రాంతంలో రేడియోలో పాఠాలు వింటూ పెరిగిన మార్టిన్ డుజియామస్, పెర్త్‌లోని కర్టిన్ యూనివర్సిటీలో వెబ్‌సీటీని చూసుకునే ఉద్యోగం చేశాడు. దాంతో విసిగిపోయి సొంతంగా రాసుకున్నదే మూడుల్. 1.0 వెర్షన్ 2002 ఆగస్టులో వచ్చింది. సోర్సు అందరిదీ, లైసెన్సు ఫీజు లేదు.

2010 నవంబర్‌లో మూడుల్ 2.0 వచ్చింది. లోపల చాలా భాగం కొత్తగా రాశారు. మంచి పనే. 1.9 నడుస్తున్న సైటుని మొత్తంగా పైకి తీసుకెళ్ళే దారి ఇచ్చారు. కానీ ఒక టీచరు విడిగా తన దగ్గర దాచుకున్న 1.9 కోర్సు బ్యాకప్ ఫైలు 2.0లో తెరుచుకోదు! ఆ సౌకర్యం 2011 జూలైలో 2.1తో వచ్చింది, అదీ విద్యార్థుల వివరాలు లేకుండా. సోర్సు చేతిలో ఉంటే మనమే సర్దుకోవచ్చు అంటాం. ఆ "మనం"లో మనలాంటి వాళ్ళు ఉంటారు గానీ బయాలజీ మేడమ్ ఉండరు. ఆవిడకి పీహెచ్‌పీ రాదు, రావాల్సిన అవసరమూ లేదు. ఐనా ఓపెన్ సోర్స్‌ని తప్పుపట్టను. ఎనిమిది నెలలకైనా ఆ దారి వేసింది వాళ్ళే.

ఒక ప్లాట్‌ఫారమ్ నుంచి ఇంకోదానికి పాఠాలు మోసుకెళ్ళడానికి ప్రమాణాలు కూడా వచ్చాయి. 2008లో వచ్చిన కామన్ కార్ట్రిడ్జ్ అలాంటిదే. పాఠం, లింకులు, మామూలు ప్రశ్నలు వెళ్తాయి. పిల్లలు రాసిన జవాబులు, వాళ్ళ మార్కులు వెళ్ళవు. అంటే బీరువా వస్తుంది గానీ అందులో దాచుకున్నవి రావు.

ఇదంతా చదివాక నాకు అర్థమైంది ఇంతే. అప్‌డేట్ మంచిదా చెడ్డదా అనేది కొత్త తెర ఎంత బాగుందన్నదాన్ని బట్టి తేలదు. సర్దే పని ఎవరి నెత్తిన పడిందన్నదాన్ని బట్టి తేలుతుంది. ఇల్లినాయ్‌లో అది మార్చినవాడి నెత్తిన పడింది. ఎందుకంటే పాఠాలు అతని మెషీన్లోనే ఉన్నాయి, పాఠం రాసినావిడ అదే క్యాంపస్‌లో తిరుగుతోంది. ఆ తర్వాత ఇద్దరి మధ్యా దూరం పెరిగింది. దూరం పెరిగేకొద్దీ పని మెల్లగా ఇటు నుంచి అటు జారింది. టీచరు పోగొట్టుకున్న వారాంతాలు ఏ కంపెనీ లెక్కల్లోనూ ఖర్చుగా కనబడవు. అందుకే మనకి అది చవగ్గా అనిపిస్తుంది.

ఇందులో నన్ను ఎక్కువ కుదిపింది ఏంటంటే, ఇప్పుడు పాఠాలన్నీ మళ్ళీ ఒకే చోటికి వచ్చేశాయి. క్లౌడ్ అంటే అదేగా! ప్రశ్నలన్నీ మా సర్వర్లోనే ఉన్నాయి, మా డేటాబేస్‌లోనే ఉన్నాయి. ప్లేటో వాళ్ళకి కుదిరినట్టే మాకూ కుదురుతుంది. కుదరదు అన్న సాకు ఇప్పుడు లేదు, చెయ్యలేదు అంతే.

పాతదాన్ని ఎల్లకాలం మొయ్యమని నేననను. భద్రత కోసం, వేగం కోసం మార్చక తప్పదు. కానీ సర్దే బాధ తెలియని వాళ్ళమా మనం? రెండు వేల సంవత్సరం వస్తోందని ఎవరో ఎప్పుడో రెండంకెలతో రాసిన తేదీల్ని వెతికి వెతికి సరిచెయ్యడానికే కదా మన ముందు తరంలో చాలామంది విమానం ఎక్కింది! ఆ తర్వాత ఎమ్మెస్‌కి వెళ్ళిన పిల్లలు మొదటి వారంలో లాగిన్ అయ్యేది ఈ బ్లాక్‌బోర్డూ, కాన్వాసుల్లోకే. ఇటు రాసేవాళ్ళలో మనం ఉన్నాం, అటు వాడేవాళ్ళలోనూ మనమే ఉన్నాం.

మేడమ్ ప్రశ్నల సంగతి చెప్పలేదు కదూ. నేనూ, నా పక్క సీటు స్నేహితుడూ కలిసి మూడు వారాంతాలు కూర్చుని కన్వర్టర్ రాశాం. చాలావరకు మారాయి. సమీకరణాల్ని బొమ్మలుగా అతికించిన చోట మాత్రం మా ప్రోగ్రాము చేతులెత్తేసింది. అవి మేడమే మళ్ళీ టైపు చేసుకున్నారు. ఫోన్ చేసి క్షమించమని అడిగితే, "మిగతావి వచ్చాయిగా బాబూ, ఈసారి మార్చేముందు ఒక మాట చెప్పండి" అన్నారు.

తర్వాతి రిలీజ్ ప్లాన్‌లో కన్వర్టర్ కోసం నాలుగు రోజులు అడిగాను. రెండిచ్చారు. మీ టీమ్‌లో ఎన్ని ఇస్తారు?