పాంచాలంకురిచ్చి మట్టిగోడ, ఎద్దుల లెక్క, మన ట్రైలర్ లెక్క



1799 సెప్టెంబర్ 5న కంపెనీ సేనాని మేజర్ బానర్‌మన్ పాంచాలంకురిచ్చి కోట మీదికి వచ్చాడు. అతని వెంట ఉన్నవి వేగంగా లాక్కురాగలిగిన చిన్న ఫిరంగులే, గోడ పగలగొట్టే పెద్ద ఫిరంగులు కావు. కోట తలుపు బద్దలుకొట్టి లోపలికి దూరాలని చూశాడు. వీరపాండ్య కట్టబొమ్మన మనుషులు తిప్పికొట్టారు. ఆంగ్ల అధికారులు కొందరు అక్కడే చచ్చారు. అప్పుడు బానర్‌మన్ చేసిన పని ఒక్కటే. పాళయంకోట నుంచి అదనపు సైన్యం, ఫిరంగులు పంపమని కబురుపెట్టి కాచుకోవటం. అవి వచ్చి పని చేసేలోపే కట్టబొమ్మన రాత్రికి రాత్రి కోట వదిలి వెళ్ళిపోయాడు. తర్వాత పుదుక్కోట తొండైమాన్ మనుషులు పట్టుకోవటం, అక్టోబర్ 16న కయత్తారులో ఉరి, ఇవన్నీ మనలో చిన్నపిల్లలకు కూడా తెలుసు.

ఈ కథలో మనం ఎప్పుడూ కత్తిని చూస్తాం, గుర్రాన్ని చూస్తాం, సినిమాలో మాటల్ని గుర్తుచేసుకుంటాం. ఎద్దును మాత్రం చూడం. ఈ వారం ఎద్దు గురించే రాస్తాను. కారణం ఏమంటే, మన గుంపులో రెండు ప్రశ్నలు వచ్చాయి. టెక్సస్‌లో ఉన్న ఒక తమ్ముడు పికప్ ట్రక్కు వెనక ట్రావెల్ ట్రైలర్ తగిలించుకొని పిల్లలతో ఊళ్ళు తిరగాలనుకుంటున్నాడు. తన ట్రక్కు ఎంత ట్రైలర్ లాగుతుందని అడిగాడు. ఇక్కడ కోవిల్‌పట్టి కుర్రాళ్ళు వీరజక్కదేవి ఉత్సవానికి పికప్ వెనక ట్రైలర్ కట్టి జనరేటరు, వంటపాత్రలు, మైకు సెట్టు తీసుకుపోదామంటున్నారు. రెండు ప్రశ్నలకూ మూలం ఒకటే: లాగేదానికీ లాగబడేదానికీ పొత్తు ఎలా కుదర్చాలి? ఈ లెక్క తప్పితే ఏమవుతుందో పాంచాలంకురిచ్చి చూసింది.

1801 సంగతి చూడండి. ఫిబ్రవరి 2న ఊమైదురై పాళయంకోట చెర నుంచి తప్పించుకున్నాడు. కంపెనీ వాళ్ళు నేలమట్టం చేసిన కోటను మన వాళ్ళు రోజుల్లోనే మళ్ళీ లేపారు. వారం తిరిగేసరికి మేజర్ మెకాలే దళం అక్కడికి చేరింది. లేచి నిలబడ్డ గోడను, దాని మీద మనుషులను చూసి నివ్వెరపోయింది. ఆ దళంలో ఉన్న కర్నల్ వెల్ష్ తర్వాత తన జ్ఞాపకాల పుస్తకంలో ఈ సంగతి రాశాడు. గోడ మట్టిది, ఎత్తు సుమారు 12 అడుగులు, చుట్టూ ముళ్ళకంచె. గోడ పగలగొట్టే ఫిరంగులు లేవు కాబట్టి దళం వెనక్కి మళ్ళింది. మార్చి 31న మళ్ళీ వచ్చింది. ఫిరంగులతో కొట్టింది, పైకి ఎగబాకింది, భారీగా నష్టపోయి ఆగింది. చివరికి కర్నల్ ఆగ్న్యూ బయటి నుంచి పెద్ద బలగం, ఫిరంగులు తెచ్చిన తర్వాత మే 24న కోట పడింది. ఆ యుద్ధంలో పోయిన ఆంగ్ల సైనికుల సమాధులు కోట దగ్గర ఇప్పటికీ ఉన్నాయి.

ఫిబ్రవరి నుంచి మే దాకా పట్టింది. పాళయంకోట నుంచి పాంచాలంకురిచ్చికి దూరం సుమారు 50 కిలోమీటర్లే. మనిషి రెండు రోజుల్లో నడుస్తాడు. మరి ఇంత ఆలస్యం ఎందుకు? సైన్యం చాలకపోవటం ఒక కారణం. బరువు ఇంకో కారణం అని నా అభిప్రాయం.

ఆ కాలంలో ఫిరంగిని గుండు బరువుతో పిలిచేవాళ్ళు. 6 పౌండ్ల ఇత్తడి ఫిరంగి గొట్టం సుమారు 300 కిలోలు, కొద్ది ఎద్దులతో పోతుంది. గోడను కూల్చే 18 పౌండ్ల ఇనుప ఫిరంగి గొట్టమే సుమారు రెండు టన్నులు. బండితో కలిపి మూడు టన్నులు అనుకోండి. గుండు మూడు రెట్లు పెరిగితే లాగాల్సిన బరువు అంతకంటే చాలా ఎక్కువ పెరిగింది.

ఇప్పుడు ఎద్దు సంగతి. మంచి ఎద్దు 400 కిలోలు ఉందనుకుందాం. రోజంతా అలసిపోకుండా లాగగలిగే బలం దాని ఒంటి బరువులో సుమారు పదో వంతు, అంటే 40 కిలోలు. కాసేపు అంతకు రెండు మూడు రెట్లు లాగుతుంది. కానీ ఆ ‘కాసేపు’తో 50 కిలోమీటర్లు పోలేం. గట్టి బాట మీద మూడు టన్నుల బండిని కదిలిస్తూ ఉండటానికి 150 కిలోల లాగుడు చాలనుకుంటే నాలుగు ఎద్దులు. అదే బండి కరిసల్ నేలలో దిగబడితే లాగుడు 600 కిలోలకు పోతుంది, అంటే పదిహేను ఎద్దులు. ఎత్తు ఎక్కాలంటే ఇంకొన్ని. పైగా పది జతలు కట్టినంత మాత్రాన పది జతల బలం రాదు. ఒకటి ముందుకు లాగితే ఒకటి పక్కకు లాగుతుంది. అందుకే ఆ రోజుల్లో ఒక పెద్ద ఫిరంగికి ముప్పై, నలభై ఎద్దులు కట్టటం మామూలు. వెనక నుంచి నెట్టటానికి ఏనుగు, దిగుడులో పట్టి ఆపటానికి తాళ్ళు పట్టుకున్న మనుషులు. ఆ ఎద్దులకు మేత, నీళ్ళు వేరే.

ఇది తెలిసినవాడు కాబట్టే మైసూరులో హైదర్ అలీ, టిప్పు అమృతమహల్ ఎద్దుల మందను సైన్యంలో భాగంగా పెంచారు. 1799 మేలో శ్రీరంగపట్నం పడ్డాక కంపెనీ ఆ మంద విలువ వెంటనే గుర్తించింది. ఎద్దులను దేవుడి పేర మందగా పెంచుకున్న మన కంబళత్తు వాళ్ళకు ఇది చెప్పక్కరలేదు.

పాంచాలంకురిచ్చికి బలం గోడ ఒక్కటే కాదు. గోడకూ పెద్ద ఫిరంగికీ మధ్య ఉన్న నేల కూడా దాని బలమే. ఎండకు నెర్రెలిచ్చి, వానకు బంకగా మారే మన నల్ల నేల. కి. రాజనారాయణన్ కథల్లో చదివిన కరిసల్ ఇదే.

ఇక మన ట్రైలర్ దగ్గరికి వద్దాం. టెక్సస్ తమ్ముడికి కంపెనీ కాగితం మీద కనిపించేది ఒకే పెద్ద అంకె. 11,000 పౌండ్లు లాగుతుంది అని. అది ఎద్దు ‘కాసేపు’ లాగే అంకెలాంటిది. డ్రైవరు, పక్కన ఒక మనిషి తప్ప పెద్దగా సామాను లేని ట్రక్కుకు కట్టిన లెక్క. అసలు చూడాల్సింది డ్రైవరు తలుపు దగ్గర అంటించిన పసుపు పట్టీ. మనుషులు, సామాను కలిపి ట్రక్కు మోయగలిగే బరువు అందులో ఉంటుంది. ఉదాహరణకు అది 1,600 పౌండ్లు అనుకుందాం. ట్రైలర్ నీళ్ళు, గ్యాసు, బట్టలతో నిండి 7,000 పౌండ్లు. అందులో 10 నుంచి 15 శాతం కొక్కెం మీద దిగాలి. 12 శాతం అయితే 840. మిగిలింది 760. నలుగురు మనుషులు 600, పెట్టెలు, ఐసు డబ్బా, కొక్కెం సామాను 200. అప్పటికే 40 ఎక్కువైంది. లాగుడు అంకెలో ఇంకా 4,000 మిగిలి ఉన్నా ట్రక్కు వెన్ను నిండిపోయింది. ట్రైలర్ అమ్మేవాళ్ళు చెప్పే ఖాళీ బరువు నమ్మొద్దు. 40 గ్యాలన్ల నీళ్ళే 330 పౌండ్లు దాటుతాయి.

కొక్కెం మీద బరువు ఎందుకు? రెండెద్దుల బండి కట్టిన తాతను అడగండి. సామాను ముందుకు ఎక్కువైతే కాడి ఎద్దుల మెడను నొక్కుతుంది. వెనక్కి ఎక్కువైతే కాడి పైకి లేచి గొంతుకు పడుతుంది. ట్రైలర్ కూడా అంతే. ముందు బరువు తక్కువైతే వేగంలో తోక ఊగుతుంది, ఊగి ఊగి ట్రక్కును కూడా తిప్పేస్తుంది. బరువైన సామాను ఇరుసుకు కాస్త ముందు, కింద పెట్టాలి.

ఆపటం లాగటం కంటే కష్టం. ఆ కాలంలో దిగుడులో మనుషులు తాళ్ళు పట్టారు. ఇప్పుడు ట్రైలర్‌కు సొంత బ్రేకు ఉండాలి. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ఒక బరువు దాటిన ట్రైలర్‌కు అది చట్టం కూడా. ఏ రాష్ట్రం మీదుగా పోతున్నావో అక్కడి అంకె చూసుకో తమ్ముడూ.

మన కోవిల్‌పట్టి కుర్రాళ్ళకు నా మాట మూడే. ఒకటి, ఆర్.సి. పుస్తకంలో బండి ఖాళీ బరువు, నిండు బరువు చూడండి. ఆ రెండింటి తేడాలో డ్రైవరు, సామాను, కొక్కెం మీద పడే బరువు అన్నీ ఇమడాలి. ట్రైలర్ కట్టటానికి ఆ బండికి అనుమతి ఉందో లేదో కూడా ముందే అడగండి. రెండు, బయలుదేరే ముందు రోజు అంతా ఎక్కించి పత్తి లారీలు తూకం వేసే వే బ్రిడ్జి మీదికి ఎక్కించండి. మొదట జంటగా, తర్వాత ట్రైలర్ విప్పి. కొద్ది రూపాయల పని. మూడు, ట్రైలర్‌లో మనుషులు ఎక్కకూడదు. జ్యోతి పట్టుకున్న పిల్లలు కూడా ఎక్కకూడదు. ఒట్టపిడారం దాటాక ఉత్సవం రోజు రోడ్డు నిండా నడిచి వచ్చే జనం ఉంటారు. అక్కడ ఆగని బండి ఎవరి ఇంటి పిల్లల మీదికైనా పోవచ్చు.

తూకం చీటీ తెచ్చి కమిటీకి చూపిస్తే డీజిల్ ఖర్చు సంఘం భరించాలని నేను ప్రతిపాదిస్తున్నాను. చీటీ లేకపోతే రెండు బండ్లలో సర్దుకుందాం. పెద్దలు మీ అభిప్రాయం కింద రాయండి. ఎద్దులు కట్టి బండి తోలిన తాతలు మీ ఇంట్లో ఉంటే వాళ్ళను అడిగి, ఎంత బరువుకు ఎన్ని ఎద్దులు కట్టేవాళ్ళో, ఏ దారిలో ఎక్కడ దిగబడేదో తప్పకుండా రాయండి. అది కూడా మన చరిత్రే.