తాత ఊరు, తాత కాగితం: ఇటలీ వారసుల పౌరసత్వం, వంశ పరిశోధన, ఇంటి హక్కు

2025 మార్చి 28న ఇటలీ ప్రభుత్వం ఒక అత్యవసర డిక్రీ తెచ్చింది. రెండు నెలలు తిరక్కుండానే అది మే 23 తేదీతో 74వ నంబరు చట్టంగా స్థిరపడింది. అప్పటిదాకా బ్రెజిల్‌లోనో అర్జెంటీనాలోనో అమెరికాలోనో పుట్టినవాళ్లు, తమ ముత్తాతో ఆయన తండ్రో ఇటలీ పౌరుడని రుజువు చేయగలిగితే చాలు, ఎన్ని తరాలు గడిచినా తామూ పుట్టుకతో ఇటలీ పౌరులమేనని గుర్తింపు పొందేవారు. కొత్త చట్టం ఆ గొలుసును రెండు తరాలకు కుదించింది. తల్లిదండ్రుల్లో ఒకరికో, వాళ్ల తల్లిదండ్రుల్లో ఒకరికో ఇటలీ పౌరసత్వం తప్ప వేరే పౌరసత్వం ఉండకూడదు. చనిపోయినవాళ్లైతే చనిపోయేనాటికి అదే పరిస్థితి ఉండాలి. లేదా తల్లో తండ్రో పౌరసత్వం వచ్చాక, బిడ్డ పుట్టకముందు, ఇటలీలో రెండేళ్లు వరుసగా నివసించి ఉండాలి. మార్చి 27 అర్ధరాత్రికి ముందే దరఖాస్తు పెట్టినవాళ్లకు, అప్పటికే కాన్సులేట్ నుంచి తేదీ ఖరారైనవాళ్లకు పాత నియమాలే వర్తిస్తాయి.

దీని మీద రాజకీయ వాదాలు చాలానే నడిచాయి. వాటిని తిరగతోడడం ఈ వ్యాసం పని కాదు. వలసపోయినవారి మనవలు, మునిమనవలు తాతల దేశంతో సంబంధం కలుపుకొనే దారులుగా పౌరసత్వం, వంశ పరిశోధన, ఇంటి కొనుగోలు అనే మూడింటినీ ఒకే ప్రయాణంలోని మజిలీలుగా చెప్పడం అక్కడి ప్రచార సాహిత్యంలో మామూలైపోయింది. నాకు అలా కనబడదు. పౌరసత్వానికి కావలసింది ఎక్కడా తెగని ఒక్క గీత. పాత రిజిస్టర్లు తెరిస్తే ఎదురయ్యేది ఒక గుంపు. ఇల్లు కొనాలంటే సంతకాలు పెట్టాల్సింది బతికున్న దాయాదులు. ఈ మూడింటికీ ‘పూర్వీకుడు’ ఒకడే అనుకోవడం వల్లనే చాలామంది ఆశలు తలకిందులవుతున్నాయి.

తెగని గీత

ఇటలీ అనే రాజ్యం పుట్టింది 1861 మార్చి 17న. అంతకుముందే కన్నుమూసిన పూర్వీకుడు నేపుల్స్ రాజు ప్రజ, లేదా వెనిస్‌లో ఆస్ట్రియా చక్రవర్తి ప్రజ. అతని నుంచి ఇటలీ పౌరసత్వం సంక్రమించదు. రాజ్యం ఏర్పడిన నాటి నుంచి 1970ల దాకా రెండున్నర కోట్ల మందికి పైగా దేశం విడిచి వెళ్లారు. తిరిగొచ్చినవాళ్లూ తక్కువేమీ కాదు. వెళ్లినవాళ్లు పంపే డబ్బు మీద ఊళ్లకు ఊళ్లు బతికేవి. వీళ్లను చేజార్చుకోకూడదన్న లెక్కతోనే 1912 జూన్ 13 నాటి 555వ నంబరు చట్టం తన 7వ అధికరణంలో ఒక వెసులుబాటు ఉంచింది: పుట్టిన నేలను బట్టి పౌరసత్వం ఇచ్చే దేశంలో ఇటలీవాడి బిడ్డ పుడితే, ఆ దేశ పౌరసత్వంతో పాటు ఇటలీ పౌరసత్వమూ ఆ బిడ్డకు నిలుస్తుంది. 1992 నాటి 91వ నంబరు చట్టం ద్వంద్వ పౌరసత్వాన్ని బాహాటంగా ఒప్పుకున్నాక, మూడు నాలుగు తరాల కిందటి ఈ గీతకు ఒక్కసారిగా విలువ పెరిగింది.

చట్టం రక్తం మాట ఎత్తుతుంది గాని చదివేది కాగితాన్నే. ఒక కల్పిత కుటుంబాన్ని తీసుకుందాం. బసిలికాతా ప్రాంతంలో 1885లో పుట్టిన ఒకాయన 1907లో న్యూయార్క్ చేరాడు. 1913లో కొడుకు పుట్టాడు. 1920లో తండ్రి అమెరికా పౌరసత్వం పుచ్చుకున్నాడు; కొడుక్కి అప్పటికి ఏడేళ్లు. ఆ కొడుకు మనవడు ఇప్పుడు దరఖాస్తుదారు. చాలాకాలం పాటు కాన్సులేట్లు 7వ అధికరణం ఆ పిల్లవాణ్ని కాపాడిందనే లెక్క వేసి, మునిమనవణ్ని పౌరుడిగా గుర్తించేవి. 2024 అక్టోబరులో హోంశాఖ, సుప్రీం కోర్టు తీర్పులను ఆధారం చేసుకుని, అదే చట్టంలోని 12వ అధికరణాన్ని ముందుకు తెచ్చింది: తండ్రి పౌరసత్వం పోగొట్టుకుంటే అతని చేతి కింద ఉన్న మైనరు బిడ్డకూ పోతుంది. దాంతో గీత 1920లోనే తెగిపోయింది. మరో ఆరు నెలలు నిండకముందే వచ్చిన డిక్రీతో ఆ చర్చకే పని లేకుండా పోయింది, ఎందుకంటే తాత పుట్టుకతోనే అమెరికా పౌరుడు కూడా. కాగితాల కట్ట మారలేదు, అందులో ఒక్క అక్షరమూ మారలేదు. అయినా ఆర్నెల్ల తేడాలో జవాబు తారుమారైంది.

ఆ 1913 బిడ్డ ఆడపిల్ల అయి ఉంటే కథ ఇంకో మలుపు తిరిగేది. పాత చట్టంలో స్త్రీ తన పౌరసత్వాన్ని సాధారణంగా పిల్లలకు ఇవ్వలేదు. స్త్రీపురుష సమానత్వం చెప్పిన రాజ్యాంగం అమల్లోకి వచ్చింది 1948 జనవరి 1న. ఆ తేదీకి ముందు పుట్టిన పిల్లలకు కాన్సులేట్ తలుపు మూసే ఉండేది. 2009లో సుప్రీం కోర్టు దారి చూపాక వాళ్లంతా ఇటలీ కోర్టులకెక్కారు. వలసదారుల లోకంలో వీటికి ‘1948 కేసులు’ అనే పేరే స్థిరపడింది. త్రెంతీనో వైపు నుంచి పోయినవాళ్ల తంటా మరోరకం. 1920 జులై 16కు ముందు వెళ్లినవాళ్లు ఇటాలియన్ మాట్లాడేవాళ్లే అయినా కాగితం మీద ఆస్ట్రియా-హంగరీ ప్రజలు. వాళ్ల వారసుల కోసం 2000లో ప్రత్యేక చట్టం చేశారు, దాని గడువు 2010తో తీరిపోయింది.

ప్రభుత్వం చెప్పిన కారణాల్లో అంకెలే ముందున్నాయి. విదేశాల్లో ఉన్న ఇటలీ పౌరుల సంఖ్య 2014లో 46 లక్షలుంటే 2024కు 64 లక్షలైంది. కోర్టుల్లో 60 వేలకు పైగా కేసులు పేరుకుపోయాయి. పాత చట్టం ప్రకారం ప్రపంచంలో 6 నుంచి 8 కోట్ల మంది గుర్తింపు కోరే వీలుంది, అంటే దేశ జనాభా కంటే ఎక్కువ. వెనెతో ప్రాంతంలోని వాల్ ది జోల్దో అనే కొండ ఊరి మేయరు, బ్రెజిల్ నుంచి వచ్చిపడే దరఖాస్తులతో తన ఆఫీసు పని ఆగిపోతోందని, నిరసనగా మునిసిపల్ భవనం మీద బ్రెజిల్ జెండా కట్టించాడు. జెండా సంగతి కొంత నాటకమే. ఊరి ఆఫీసులో పుట్టుక, చావు నమోదు చేసే గుమాస్తా మీద పడిన బరువు మాత్రం నాటకం కాదు.

దీనికి ఎదురుగా ఇంకో నిజం ఉంది. ఇటలీలోనే పుట్టి, అక్కడి బడిలో చదివి, అక్కడి భాషే మాట్లాడే వలస కూలీ బిడ్డ, పద్దెనిమిదేళ్లు నిండేదాకా అక్కడే ఎడతెగకుండా ఉంటే గాని పౌరసత్వం అడగలేడు. అగ్రో పొంతీనో పొలాల్లో, పో లోయ పశువుల కొట్టాల్లో పనిచేసే పంజాబీ కుటుంబాల పిల్లలూ ఈ వరసలోనే ఉన్నారు. యూరోపియన్ యూనియన్ బయటి నుంచి వచ్చినవాళ్లకు పదేళ్ల నివాస నియమాన్ని ఐదేళ్లకు తగ్గించాలన్న ప్రజాభిప్రాయ సేకరణ 2025 జూన్‌లో కావలసిన హాజరు లేక వీగిపోయింది. కొత్త చట్టం మునిమనవడికి తలుపు మూసింది, ఈ పిల్లలకు మాత్రం కొత్తగా ఏమీ తెరవలేదు. దాన్ని సంస్కరణ అనడానికి నాకు సందేహం ఉన్నది ఇక్కడే.

మన ప్రవాసులతో పోలిస్తే తేడా తేలిగ్గా తెలుస్తుంది. అమెరికా పౌరసత్వం తీసుకున్న తెలుగువాడికి భారత పౌరసత్వం ఉండదు. అతని మునిమనవలదాకా ఓసీఐ కార్డు దొరకవచ్చు గాని, దానితో ఓటు రాదు, సాగుభూమి కొనే హక్కూ రాదు. ఇటలీ తన వలస సంతతికి ఓటుతో పాటు పార్లమెంటులో సీట్లూ ఇచ్చింది. విదేశీ నియోజకవర్గం నుంచి ఇప్పుడు ఎనిమిదిమంది డిప్యూటీలు, నలుగురు సెనెటర్లు ఎన్నికవుతారు. అంత పెద్ద హక్కును రుజువు చేసే భారాన్ని నూరేళ్ల నాటి ఒక గుమాస్తా చేతిరాత మీద పెట్టారు.

గుంపు

ఆ చేతిరాత దగ్గరికి వెళ్తే విషయం పూర్తిగా వేరు. దక్షిణ ఇటలీలో నెపోలియన్ మనుషుల పాలనలో 1809 నుంచే పౌర నమోదు మొదలైంది. సిసిలీలో 1820 నుంచి, ఏకీకృత రాజ్యమంతటా 1866 నుంచి, ఆలస్యంగా కలిసిన వెనెతోలో 1871 నుంచి రిజిస్టర్లు నడిచాయి. అంతకుముందరి కాలానికి చర్చి పుస్తకాలే దిక్కు. బాప్తిస్మాలు, పెళ్లిళ్లు రాసి ఉంచాలని 1563లో త్రెంతో మహాసభ పాదిరీలను ఆదేశించింది. ఇప్పుడు పౌర రిజిస్టర్లలో పెద్ద భాగం సంస్కృతి శాఖ నడిపే ‘అంతెనాతి’ పోర్టల్‌లో ఉచితంగా చూడవచ్చు.

ఈ పాత కాగితాల్లో నాకు అన్నిటికంటే విలువైనవిగా తోచేవి పాత నేపుల్స్ రాజ్యంలోని పెళ్లి దస్త్రాలు. పెళ్లికి తండ్రి సమ్మతి కావాలి. తండ్రి చనిపోయి ఉంటే ఆయన మరణపత్రం జతచేసి, తండ్రి తండ్రి సమ్మతి తేవాలి. ఆయనా లేకపోతే ఆయన మరణపత్రం కూడా పెట్టాలి. అందువల్ల 1820ల నాటి ఒక కూలివాడి పెళ్లి కట్టలో మూడు తరాలు ఒకేచోట దొరుకుతాయి. తాత పుట్టింది పద్దెనిమిదో శతాబ్ది నడిమధ్యలో కావచ్చు. చట్టం భయంతో కట్టిన ఆ కట్ట, రాజవంశాలకు తప్ప ఇంకెవరికీ ఉండదనుకునే వంశవృక్షాన్ని చదువురాని కూలికి కట్టబెట్టింది. చివర సంతకాల చోట, చదువు రాదని చెప్పారు గనుక సంతకం చేయలేదన్న వాక్యమే పదేపదే కనిపిస్తుంది.

ఆడవాళ్ల విషయంలో ఈ రిజిస్టర్లు పౌరసత్వ చట్టం కంటే ఉదారంగా ఉన్నాయి. పెళ్లయినా, చనిపోయినా స్త్రీ పుట్టింటి ఇంటిపేరుతోనే నమోదవుతుంది. కనుక అమ్మమ్మ అమ్మ దాకా వెనక్కి వెళ్లడం కష్టం కాదు. పౌరసత్వం లెక్కలో ఆమె గీతను తెంపిన మనిషి. రిజిస్టరులో ఆమెకు తండ్రి ఉన్నాడు, వీధి ఉంది, వృత్తి ఉంది. పెద్దకొడుక్కి నాన్న తండ్రి పేరు, రెండోవాడికి అమ్మ తండ్రి పేరు పెట్టే ఆనవాయితీ వల్ల ఒకే ఊళ్లో, ఒకే దశాబ్దంలో, ఒకే పేరున్న అన్నదమ్ముల పిల్లలు నలుగురైదుగురు తేలుతారు. తాతల పేర్లు పెట్టుకునే మనకు ఈ చిక్కు కొత్తేమీ కాదు. వాళ్లలో ఎవరు ఓడెక్కారో తేల్చాలంటే తల్లి పేరు కావాలి. న్యూయార్క్ రేవులో వలసదారులు దిగే ఎల్లిస్ ద్వీపంలో అధికారులు పేర్లు మార్చేశారన్న కథ ప్రతి కుటుంబంలోనూ ఉంటుంది గాని, అక్కడి తనిఖీదారులు ఓడ కంపెనీ ముందే రాసి తెచ్చిన జాబితాలనే సరిచూసేవారు. జుసెప్పె జోసెఫ్ అయింది తర్వాత, బడిలోనో ఫ్యాక్టరీలోనో.

కొన్ని గీతలు రిజిస్టరులోనే ఆగిపోతాయి. ఎస్పోసితో అనే ఇంటిపేరు దారిన వదిలేసిన బిడ్డలకు పెట్టింది. నేపుల్స్‌లోని అనున్‌జియాతా ఆశ్రమం గోడలో బిడ్డను ఉంచి తిప్పే చక్రం 1875లో మూతపడింది. ఆ ఇంటిపేరు వెనక ఎంత వెతికినా తల్లిదండ్రులు దొరక్కపోవచ్చు. పౌరసత్వానికి అది అడ్డు కాదు. రక్తసంబంధం ఎవరితోనో తెలియని మనిషినీ మూలపురుషుడిగా లెక్కపెట్టుకున్న ఆ చట్టాన్ని రక్తపు చట్టమనడం ఎంతవరకు సబబో ఆలోచించాలి.

ఇల్లు

పుట్టుక రిజిస్టరు వీధి పేరు కూడా చెబుతుంది. అక్కడి నుంచే చాలామందికి ఇంటి ఆశ పుడుతుంది. ముందుగా ఒక అపోహ తీర్చాలి: ఇటలీలో ఇల్లు కొన్నంత మాత్రాన పౌరసత్వం రాదు.

ఒక్క యూరో ఇళ్ల ఆలోచనను 2008లో సిసిలీలోని సలేమి మేయరుగా ఉన్న కళావిమర్శకుడు వితోరియో స్గార్బి ముందుకు తెచ్చాడు. 1968 బెలిచె లోయ భూకంపం పాడుపెట్టిన ఊరది. 2019లో సాంబుకా ది సిచిలియా ఒక్క యూరో ప్రారంభ ధరతో ఇళ్లు వేలం వేసింది. తర్వాతి వేలాల్లో రెండు, మూడు యూరోలు. వేలంలో ధర పెరుగుతుంది, అది కాక 5,000 యూరోల ధరావతు కట్టాలి, మూడేళ్లలో ఇల్లు బాగుచేయించాలి. అమెరికన్ నటి లొరెయిన్ బ్రాకో అక్కడ ఇల్లు కొని బాగుచేయించుకోవడం 2020లో టీవీ కార్యక్రమం కూడా అయింది. సాంబుకాకు ఒక అనుకూలత ఉంది: వేలం వేసిన ఇళ్లు మునిసిపాలిటీవే. చాలా ఊళ్లలో అలా ఉండదు. అక్కడ పాడుబడ్డ ఇళ్లు ప్రైవేటు వ్యక్తులవి, ఊరి ఆఫీసు మధ్యవర్తి మాత్రమే.

మామూలు కొనుగోలు పద్ధతి మనవాళ్లకు బాగానే అర్థమవుతుంది. ముందు పన్ను నంబరు తీసుకోవాలి. తర్వాత కంప్రోమెస్సో అనే ఒప్పందం రాసుకుని బయానా ఇస్తారు. కొనేవాడు వెనక్కి తగ్గితే బయానా పోతుంది, అమ్మేవాడు తగ్గితే రెట్టింపు ఇచ్చుకోవాలి. చివరికి నోటరీ ఎదుట దస్తావేజు. అక్కడి నోటరీ స్టాంపు వేసి పంపే మనిషి కాదు; హక్కు శుభ్రంగా ఉందో లేదో చూసి, పన్ను వసూలు చేసి, నమోదు చేయించే బాధ్యత ఆయనదే. సొంతంగా ఉండబోయే మొదటి ఇంటికి రిజిస్ట్రేషన్ పన్ను 2 శాతం, లేకుంటే 9 శాతం. ఆ తగ్గింపు కావాలంటే సాధారణంగా పద్దెనిమిది నెలల్లో ఆ ఊరికి నివాసం మార్చుకోవాలి. కతాస్తో అనే భూమి పుస్తకంలో పేరున్నంత మాత్రాన యాజమాన్యం రుజువు కాదు, మన అడంగల్‌లో పేరుంటే హక్కు పూర్తిగా తేలనట్టే. ఆస్ట్రియా నుంచి సంక్రమించిన త్రెంతీనో, త్రియెస్తె వైపు భూమి పుస్తకాలకు మాత్రం రుజువు విలువ ఉంది.

అసలు చిక్కు వాటాల్లో ఉంది. 1920లలో చనిపోయిన ముత్తాత పేరు మీదే ఇల్లు ఉండిపోతుంది. ఆయన ఆరుగురు పిల్లల్లో ఇద్దరు బ్వేనస్ ఎయిరీస్‌కు, ఒకరు న్యూజెర్సీకి పోయారు. ఏ తరంలోనూ వారసత్వ నమోదు పూర్తిగా జరగలేదు. ఇప్పుడు రెండు గదుల రాతి ఇంటికి ముప్పై నలభై మంది వాటాదారులు, కొందరికి అది తమదన్న సంగతే తెలియదు. వాళ్లందరూ సంతకం పెట్టాలి, లేదా ఇరవయ్యేళ్లుగా తనదిగా అనుభవిస్తున్నవాడు కోర్టులో హక్కు స్థిరపరచుకోవాలి. పొలమైతే పక్క రైతుకు ముందుగా కొనే హక్కు కూడా ఉంటుంది.

ఈ దశలో వంశవృక్షం మళ్లీ అవసరపడుతుంది, ఈసారి దాన్ని అడిగేది నోటరీ. కాన్సులేట్‌కు చూపిన వృక్షంలో దరఖాస్తుదారు నుంచి మూలపురుషుడి దాకా ఒక్క కొమ్మ చాలు, మిగతావి గీయనక్కర్లేదు. నోటరీకి అన్ని కొమ్మలూ కావాలి: పెళ్లికాకుండా పోయిన మేనత్త, అర్జెంటీనాలో పేరు మార్చుకున్న తమ్ముడు, అతని విధవ. కొత్త చట్టం తర్వాత మునిమనవడి పరిశోధనకు పాస్‌పోర్టు విలువ పోయింది గాని, ఊరిలో మిగిలిన బంధువులకు మాత్రం దాని అవసరం పెరిగింది. ఆ ముప్పై నలభై మందిలో విదేశీ కొమ్మల చిరునామాలు తెలిసినవాడు, పోర్చుగీసులోనో ఇంగ్లీషులోనో వాళ్లతో మాట్లాడగలిగినవాడు అతనే. విదేశాంగ శాఖ 2024ను మూలాల సంవత్సరంగా ప్రకటించి, ‘ఇతాలెయా’ పేరుతో వారసులను పర్యాటకులుగా ఊళ్లకు రప్పించే పథకం నడిపింది. అదే ఖర్చులో కొంత, ఊరి ఆఫీసుల్లో తెగని వాటాల జాబితా తయారు చేయించి విదేశీ వాటాదారులకు అందుబాటులో పెట్టడానికి వెచ్చించి ఉంటే, కూలుతున్న ఇళ్లలో కొన్నిటికైనా అమ్మేవాడు దొరికేవాడు.