గాలి మీద నడిచే బండి – ఒక చిన్న చరిత్ర



పూర్వం మన పల్లెల్లో ఎద్దుబండికి స్ప్రింగులనేవి ఉండేవి కావు. చక్రం గతుకులో పడితే ఆ దెబ్బ నేరుగా నడుముకే తగిలేది. తరువాత జట్కాలకు, ఆ పైన లారీలకు, బస్సులకు కమాన్ కట్టలు వచ్చాయి. రవాణాకు సంబంధించిన ఆఫీసులో ముప్పైమూడేళ్ళు గుమాస్తాగా పనిచేసిన నేను, విడిభాగాల ఇండెంట్లలో ఈ కమాన్ కట్టల పేరు ఎన్ని వందల సార్లు రాశానో లెక్కలేదు. ఇనుముకు బదులు గాలినే స్ప్రింగుగా వాడవచ్చునని, ఆ ప్రయత్నానికి నూరేళ్ళకు మించిన చరిత్ర ఉన్నదని మాత్రం రిటైరైన చాలా ఏళ్ళకు గాని తెలియలేదు.

కమ్మరి కొలిమి దగ్గర తోలుతిత్తి అందరం చూసినదే. అటువంటి తిత్తిని గట్టి రబ్బరుతో చేసి, లోపల గాలి కుక్కి, మూతి బిగించి, ఇరుసుకూ బండి చట్రానికీ మధ్య పెడితే అదే గాలి స్ప్రింగు. ఇనుప స్ప్రింగుకు ఒక ఇబ్బంది ఉన్నది. ఖాళీ బండికి సరిపోయేటట్లు చేస్తే నిండు బండికి కుంగిపోతుంది; నిండు బండికి చేస్తే ఖాళీగా ఉన్నప్పుడు ఎత్తి కుదేస్తుంది. గాలికైతే బరువును బట్టి ఒత్తిడి పెంచవచ్చు, తగ్గించవచ్చు. బండి ఎత్తు మారదు.

బండి కింద గాలిని బంధించాలన్న ఆలోచన ముందుగా చక్రానికే వచ్చింది. స్కాట్లండుకు చెందిన రాబర్ట్ విలియం థామ్సన్ 1845 లోనే గాలి టైరుకు పేటెంటు పొందాడు. అది వాడుకలోకి రాలేదు. 1888 లో బెల్‌ఫాస్ట్‌లోని పశువైద్యుడు జాన్ బాయిడ్ డన్‌లప్ దాన్ని మళ్ళీ కనిపెట్టాకనే లోకమంతా పాకింది. ఆ తరువాత గాలి స్ప్రింగు వంతు వచ్చింది. 1909 లో ఇంగ్లండులో కౌయీ అనే మోటారు సంస్థ దానితో ఒక కారును తయారుచేసింది. గాలి నిలవక కారిపోవడంతో ఆ ప్రయత్నం సాగలేదు. 1920 లలో ఫ్రాన్సులో జార్జి మెస్సియే స్ప్రింగులు లేని, గాలి మీద నిలిచే కార్లు చేసి అమ్మాడు. 1930 లలో అమెరికాలో ఫైర్‌స్టోన్ కంపెనీ రబ్బరు తిత్తుల మీద పరిశోధన సాగించింది.

ఈ విద్య మొదట నిలదొక్కుకున్నది పెద్దల కార్లలో కాదు, సామాన్యులెక్కే బస్సుల్లో. 1953 లో జనరల్ మోటార్స్ తన బస్సులకు గాలి స్ప్రింగులు పెట్టింది. కారణాలు చెప్పుకోదగినవి. బ్రేకుల కోసం బస్సులో గాలి కంప్రెసరు ఎటూ ఉంటుంది. ఖాళీ బస్సుకూ కిక్కిరిసిన బస్సుకూ బరువులో తేడా చాలా ఎక్కువ. అన్నిటికన్నా ముఖ్యం, బస్సు తిరిగి డిపోకు చేరుతుంది, అక్కడ చూసే మెకానిక్కు ఉంటాడు. మన దేశంలో 2001 లో వచ్చిన వోల్వో బస్సుల్లో, తరువాత మన ఆర్టీసీ నడిపిన గరుడ బస్సుల్లో నడుము నొప్పి లేకుండా ప్రయాణించినవారు మనలో చాలామందే ఉన్నారు. ఆ సుఖం ఈ తిత్తుల చలవే.

కార్లలో కథ ఇంత సాఫీగా నడవలేదు. 1957 లో కాడిలాక్ కంపెనీ ఎల్డొరాడో బ్రూమ్ అనే కారును నాలుగు గాలి స్ప్రింగులతో విడుదల చేసింది. దాని ధర ఆ రోజుల్లోనే 13,074 డాలర్లు. రెండేళ్ళలో కలిపి 704 కార్లు మాత్రమే తయారైనాయి. గాలి కారడం వల్ల చాలామంది యజమానులు ఆ తిత్తులు పీకించి మామూలు ఇనుప స్ప్రింగులు వేయించుకున్నారు. 1984 నాటి లింకన్ మార్క్ సెవెన్ కారులో కంప్యూటరు వచ్చి ఎత్తును చూసుకోసాగింది. 1992 లో రేంజ్ రోవర్ ఈ ఏర్పాటును జీపు తరహా బళ్ళకు తెచ్చింది. 1998 నాటి రెండవ తరం డిస్కవరీలో వెనుక చక్రాలకు మాత్రమే పెట్టే పద్ధతి కూడా వచ్చింది.

ఇన్ని మారినా రబ్బరు స్వభావం మారలేదు. ఏళ్ళు గడిచేకొద్దీ మడత పడే చోట సన్నని పగుళ్ళు వస్తాయి. మన మోకాళ్ళ వంటిదే అదీను.

మా అల్లుడుగారు కొన్న పాత విదేశీ బండి ఈ జబ్బుతోనే మా ఇంటికి వచ్చింది. పొద్దున్నే చూస్తే వెనుక ఎడమ పక్క కూర్చునిపోయి ఉండేది. ఒక వర్క్‌షాపువారు తిత్తులు, కంప్రెసరు అన్నీ మార్చాలంటూ ఇచ్చిన అంచనా నా మూడు నెలల పెన్షనుకు పైమాటే. "మామయ్యగారూ, ఇంట్లోనే చేసేద్దామా?" అన్నాడు అల్లుడు. అతను డిప్లొమా చదివినవాడు, పనిముట్లు ఉన్నవాడు. ముందు రోగం తేలనిమ్మన్నాను. వారం రోజులు రాత్రీ పొద్దునా చక్రం నడిమి నుంచి పైనున్న రేకు అంచు దాకా టేపుతో కొలిచి నోటుబుక్కులో రాశాను. కుడి పక్క ఒక్కరోజూ తగ్గలేదు. ఎడమ పక్క రోజూ నాలుగు వేళ్ళు దిగింది. సబ్బునీళ్ళు చల్లితే తిత్తి మడత దగ్గర బుడగలు లేచాయి. గాలి కారుతున్నది ఆ తిత్తి నుంచేనని దానితో తేలింది. కొత్త తిత్తులు రెండు తెప్పించి ఒక ఆదివారం బిగించాడు. మళ్ళీ వారం కొలిచాను. రెండు పక్కలా అంకె మారలేదు.

ఇందులో గ్రహించవలసినవి నాలుగున్నాయి. ఒకటి, కారే తిత్తిని ఉపేక్షించరాదు. కంప్రెసరు కొద్దిసేపు తిరగడానికి చేసినది. కారిన గాలిని నింపుతూ ఎడతెగక తిరిగితే వేడెక్కి కాలిపోతుంది. అప్పుడు ఖర్చు ఎన్నో రెట్లు. చేతులు కాలాక ఆకులు పట్టుకుని లాభం లేదు. రెండు, ఒక పక్క తిత్తికి వయసు మీరితే రెండో దానికీ మీరినట్లే, జతగా మార్చాలి. మూడు, గాలి గొట్టం నట్టును ఒక్కసారిగా విప్పరాదు. కళ్ళద్దాలు పెట్టుకుని కొంచెం వదులు చేసి, బుస్సుమనే చప్పుడు పూర్తిగా ఆగాక తీయాలి. కొత్త తిత్తిలో గాలి నిండకుండా దాని మీద బండి బరువు దించరాదు.

నాలుగవది అన్నిటికన్నా ముఖ్యం. గాలి మీదనో, ఒక్క జాకీ మీదనో నిలిచిన బండి కింద ఎవరూ దూరరాదు. ఈ బళ్ళు ఎప్పుడైనా తమంతట తామే దిగిపోవచ్చు. గట్టి నేల మీద, ముందు చక్రాలకు అడ్డు పెట్టి, పుస్తకంలో చెప్పినట్లు ఎత్తు సరిచేసే యంత్రాన్ని ఆపి, చట్రం కింద ఇనుప స్టాండ్లు నిలిపాకనే చెయ్యి పెట్టాలి. మా ఇంట్లో స్టాండ్లు దొరికేదాకా రెండు వారాలు పని ఆపించాను. అల్లుడికి కొంత విసుగు కలిగింది. కలిగితే కలిగింది, మా అమ్మాయి మొహం చూసుకోవాలి కదా నేను.

పిల్లలు, మనుమలు ఇటువంటి బళ్ళు కొంటున్న కాలమిది. బేరానికి వెళ్ళేటప్పుడు పెద్దవారు తోడు వెళ్ళి ఒక్క మాట అడగండి: "రాత్రంతా నిలిపిన బండిని పొద్దున్నే, ఇంజను వేయకముందు చూపిస్తారా?" రంగు, సీట్లు చెప్పని నిజం ఆ ఎత్తు చెబుతుంది.