చలికి బంగారు చేప, ఎండకు కొరమీను

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాలలో పుట్టి పెరిగినవారికి చలికాలం చేపల ప్రాణానికి గండమంటే ఒక పట్టాన నమ్మబుద్ధి కాదు. ధనుర్మాసపు తెల్లవారుజామున మన చెరువుల మీద పొగమంచు కమ్ముకుంటుందే గాని నీరు గడ్డకట్టదు. మన చేపల గండం రోహిణి కార్తెలో. చలిదేశాల్లో ఇంటి పెరట్లో బంగారు చేపల కొలను పెట్టుకున్నవారి దిగులు పుష్య మాఘాలలో. ఋతువులు వేరైనా ఆ కొలనుకూ మన చెరువుకూ విరుగుడు ఒక్కటే: లోతు. ఆ లోతు కథే ఈ టపా.

బంగారు చేప పుట్టిల్లు చైనా. వెండి వన్నె గల ఒక జాతి మంచినీటి చేపలలో అరుదుగా పుట్టే పసుపు, ఎరుపు పిల్లలను ఏరి, వాటినే మళ్ళీ మళ్ళీ పెంచగా ఈ జాతి స్థిరపడింది. సోంగ్ వంశపు రాజుల కాలంలో (960–1279) వీటిని కొలనులలో పెంచడం రాజగృహాలకు వేడుకగా మారింది. మింగ్ వంశం నాటికి ఈ చేపలు కొలను వదలి మట్టి తొట్లలోకి, ఇళ్ళలోకి చేరాయి. రెండు తోకలవి, పొట్టి శరీరాలవి వృద్ధి చెందాయి. అందం పెరిగిన కొద్దీ ఓర్పు తగ్గింది. నేటికీ ఆరుబయట చలిని తట్టుకోవడంలో పొడవైన ఒంటితోక బంగారు చేపకున్న శక్తి ఈ సింగారపు చేపలకు లేదు. 17వ శతాబ్దంలో ఇవి ఐరోపాకు చేరాయి. 1758లో లిన్నేయస్ వీటికి శాస్త్రీయ నామం పెట్టాడు.

మంచు కింద చేప ఎలా బ్రతుకుతుంది? నీరు 4 డిగ్రీల సెల్సియస్ వద్ద అన్నిటికంటె బరువుగా ఉంటుంది. అందువల్ల పైన మంచు పేరుకున్నా, కొలను తగినంత లోతుగా ఉంటే అడుగున 4 డిగ్రీల నీరు నిలిచి ఉంటుంది. చేప అక్కడికి దిగి, కదలిక తగ్గించుకుని, మేత లేకుండానే నెలలు గడుపుతుంది. ప్రాణవాయువు కరువైనప్పుడు దానికి మరొక ఉపాయం ఉంది. ఒంట్లో చేరే ఆమ్లాన్ని మద్యసారంగా మార్చి మొప్పల గుండా బయటికి వదిలేస్తుంది. దీని వెనుక ఉన్న జీవరసాయన మార్గాన్ని నార్వే, బ్రిటన్ శాస్త్రజ్ఞులు 2017లో వివరించారు. ఇన్ని విద్యలున్నా, అడుగు దాకా గడ్డకట్టే కొలనులో బంగారు చేపకు చావు తప్పదు.

చైనాలో కొలనులు తవ్విస్తున్న ఆ కాలంలోనే మన దేశంలోనూ చేపల మీద రాజుల దృష్టి పడింది. కళ్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దపు తొలి భాగంలో రచించిన మానసోల్లాసంలో మత్స్యవినోదమనే ప్రకరణం ఉంది. చేపల రకాలు, వాటికి పెట్టవలసిన మేతలు, గాలంతో పట్టే తీరు అందులో కనిపిస్తాయి. ఆ చాళుక్యుల సామంతులుగానే కాకతీయులు ఎదిగారు. కాకతీయుల సామంతులైన రేచెర్ల రెడ్లు సూర్యాపేట పక్కన పిల్లలమర్రిలో ఆలయాలు కట్టించారు. అక్కడ 1195, 1208 నాటి శాసనాలున్నాయి. చెరువు త్రవ్వించడాన్ని సప్తసంతానాలలో ఒకటిగా ఎంచిన కాలమది. గుడి వెంట చెరువూ వెలిసేది.

ఆ చెరువులు సేద్యం కోసం కట్టినవి. చేప వాటికి కొసరు. అయినా వాటి కట్టడంలోనే చేపకు రక్ష ఉంది. కట్టకు అమర్చిన తూము ఒక మట్టం వరకే నీటిని పొలానికి వదులుతుంది. ఆ మట్టానికి దిగువన మిగిలే నీరు రైతుకు అందదు. వేసవిలో చేపకు అదే దిక్కు. చలిదేశపు కొలనుకు అడుగున ఉన్న 4 డిగ్రీల నీరెటువంటిదో, మన చెరువుకు తూము కింది మడుగు అటువంటిది.

ఆ మడుగూ బురదగా మారితే ఇతర చేపలు చచ్చిపోతాయి, కొరమీను మాత్రం పోరాడుతుంది. తలలో ఉన్న ప్రత్యేకమైన అరల సాయంతో అది నేరుగా గాలి పీల్చగలదు. తడి బురదలో కొంతకాలం తల దాచుకోగలదు. తెలంగాణ రాష్ట్రం తన అధికారిక చేపగా కొరమీనును ఎంచుకోవడంలో ఎంతో ఔచిత్యం ఉంది.

20వ శతాబ్దంలో ఈ కథ మలుపు తిరిగింది. నాగార్జునసాగర్ కాలువలకు 1967లో నీరు వదిలారు. ఎడమ కాలువ మిర్యాలగూడ, కోదాడ వైపు పొలాలను తడిపింది. కాలువ నీరు అందిన చోట చెరువు అక్కర తగ్గింది, పూడిక తీసే శ్రద్ధ కూడా తగ్గింది. పూడిక ముందుగా చేరేది చెరువు అడుగునే. అంటే రైతు నీరు తగ్గకముందే చేప నీరు తగ్గుతుంది. కట్ట, అలుగు, తూము అన్నీ నిలిచే ఉంటాయి. లోతు ఒక్కటే మాయమవుతుంది. కట్ట మీద నిలబడి చూసేవారికి ఆ నష్టం కనబడదు.

ఈలోగా బంగారు చేపకు దూరపు చుట్టం ఒకటి మన చెరువులలోకి వచ్చింది. దానిని మనవారు బంగారుతీగ అని పిలుచుకున్నారు. 1939లో నీలగిరుల చల్లని నీటికి ఒక రకాన్ని తెచ్చారు. మైదానాల వేడికి తట్టుకునే రకం 1957లో బ్యాంకాక్ నుంచి వచ్చింది. అదే 1957లో హీరాలాల్ చౌధురి ఒడిశాలోని అంగుల్‌లో మన దేశపు చేపలను సూదిమందుతో గుడ్లు పెట్టించే పద్ధతిని సాధించారు. అప్పటినుంచి చేపపిల్లల కోసం నదుల మీదనే ఆధారపడవలసిన అవసరం తీరింది.

తెలంగాణలో 2015లో మిషన్ కాకతీయ పేరిట చెరువుల పూడికతీత మొదలైంది. 2016లో చెరువులకు చేపపిల్లలను ఉచితంగా ఇవ్వడం మొదలైంది. ఈ రెంటిలో మొదటిది లేనిదే రెండవది నిలువదు. వైశాఖం దాకా నీరు నిలువని చెరువులో పిల్లలను వదలడమంటే కొంగలకు విందు పెట్టడమే. గంగపుత్రుల, ముదిరాజుల యేడాది కష్టం ఆ మిగిలిన నాలుగడుగుల నీటి మీద ఆధారపడి ఉంటుంది.

చలిదేశంలో కొలను తవ్వుకునేవారు ముందుగా లోతెంతని అడుగుతారు. నిండిన చెరువును చూసి మురిసిపోయే మనం ఆ ప్రశ్న వేయడం మరచిపోయాం. ఈసారి ఊరికి వెళ్ళినప్పుడు, వానలకు ముందు, ఒకసారి తూము దాకా నడిచి చూడండి. దాని కింద నీరు మిగిలిందో లేదో తెలిస్తే, ఆ చెరువు ఇంకా బ్రతికి ఉన్నదో లేదో తెలుస్తుంది.