కొత్త మానిటర్ కొంటున్నారా? సైజు ఒక్కటే చూస్తే బోల్తా పడ్డట్టే.. గేమింగ్, ఫొటో ఎడిటింగ్ రెండింటికీ ఏది బెస్ట్ అంటే..

పగలు ఫొటో ఎడిటింగ్, రాత్రి గేమింగ్.. రెండింటికీ ఒకే మానిటర్ కావాలనుకునే వాళ్లు షాపులో ముందు చూసేది సైజే. 'ఈ రేటుకే 27 అంగుళాలు వస్తోంది కదా' అని ఫుల్ హెచ్‌డీ మానిటర్ తెచ్చేసుకుంటారు. తీరా ఇంట్లో పెట్టి చూస్తే అక్షరాలు మసకగా, ఫొటో అంచులు గరుకుగా కనిపిస్తాయి. అది మానిటర్ లోపం కాదు. సైజుకి తగ్గ రిజల్యూషన్ లేకపోవడమే అసలు కారణం.

అసలు లెక్క ఇదీ..

ఫుల్ హెచ్‌డీ (1920×1080)లో దాదాపు 20.7 లక్షల పిక్సెల్స్ ఉంటాయి. స్క్రీన్ పెద్దదైనా ఈ సంఖ్య పెరగదు. అందుకే 24 అంగుళాల స్క్రీన్‌లో అంగుళానికి సుమారు 92 పిక్సెల్స్ ఉంటే, 27 అంగుళాల్లో 82కి పడిపోతాయి. అదే 27 అంగుళాల్లో క్యూహెచ్‌డీ (2560×1440) తీసుకుంటే 109, 4కే (3840×2160) తీసుకుంటే 163 వస్తాయి.

గేమింగ్‌కి..

4కేలో ఫుల్ హెచ్‌డీ కంటే 4 రెట్లు ఎక్కువ పిక్సెల్స్ ఉంటాయి. గ్రాఫిక్స్ కార్డు ప్రతి ఫ్రేమ్‌లో వాటన్నింటినీ గీయాలి. కార్డుకి అంత సత్తా లేకపోతే గేమ్ ఆగి ఆగి నడుస్తుంది. 144 హెర్ట్జ్ మానిటర్ కొన్నా ఉపయోగం ఉండదు. షూటింగ్ గేమ్స్ మాత్రమే ఆడేవాళ్లకి 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ, 144 హెర్ట్జ్ చాలు.

ఫొటో ఎడిటింగ్‌కి..

24 మెగాపిక్సెల్ ఫొటోని 100 శాతం జూమ్‌లో చూస్తే, ఫుల్ హెచ్‌డీ స్క్రీన్‌పై పన్నెండో వంతు కంటే కాస్త ఎక్కువ భాగమే కనిపిస్తుంది. 4కేలో మూడో వంతు పైగా కనిపిస్తుంది. రంగుల కోసం ఐపీఎస్ ప్యానెల్, దాదాపు 100 శాతం ఎస్‌ఆర్‌జీబీ ఉందో లేదో చూడాలి. పెళ్లి ఆల్బమ్‌లు ప్రింట్ చేయించేవాళ్లు బ్రైట్‌నెస్ కూడా తగ్గించుకోవాలి. స్క్రీన్ మరీ వెలుగుగా ఉంటే ఫొటోని తెలియకుండానే డార్క్ చేస్తాం, ప్రింట్ నల్లగా వస్తుంది. మళ్లీ ప్రింట్ వేయించే ఖర్చు మన జేబుకే!

మరి రెండింటికీ ఏది?

* మధ్యస్థాయి గ్రాఫిక్స్ కార్డు ఉంటే: 27 అంగుళాలు, క్యూహెచ్‌డీ, ఐపీఎస్, 144 హెర్ట్జ్. ఎక్కువమందికి ఇదే సరైన ఛాయిస్.
* ఎడిటింగే ప్రధానమైతే: 27 లేదా 32 అంగుళాల 4కే.
* బడ్జెట్ తక్కువైతే: 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ ఐపీఎస్. అంతకంటే పెద్ద సైజుకి వెళ్లొద్దు.

ఇవి మర్చిపోవద్దు..

కొనే ముందు మీ కంప్యూటర్ పోర్ట్ చెక్ చేసుకోండి. పాత హెచ్‌డీఎంఐ 1.4 పోర్ట్‌తో 4కే 30 హెర్ట్జ్ వరకే వస్తుంది. 144 హెర్ట్జ్ మానిటర్ పెట్టాక కూడా విండోస్ 60 హెర్ట్జ్ దగ్గరే ఉండిపోవచ్చు. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లోకి వెళ్లి మీరే మార్చుకోవాలి. లేదంటే డబ్బు పెట్టి కొన్న స్పీడ్ వాడకుండానే ఉండిపోతుంది.