డ్వార్ఫ్ ఫోర్ట్రెస్‌లో స్నేహం, శోకం

టార్న్ ఆడమ్స్, జాక్ ఆడమ్స్ సోదరులు రూపొందించిన సిమ్యులేషన్ గేమ్ డ్వార్ఫ్ ఫోర్ట్రెస్‌లో మరుగుజ్జుల మనోస్థైర్యాన్ని తిండి, మద్యం, పడకలతో పాటు తోటివారితో ఉన్న బంధాలూ నిర్ణయిస్తాయి. గేమ్ పుట్టిన ఏడాదిగా కొందరు 2002ను, కొందరు 2006ను చెబుతారు. మొదటిది పని మొదలైన ఏడాది, రెండోది తొలి ఆల్ఫా రూపం విడుదలైన ఏడాది. ఆటగాళ్ల అనుభవాన్ని చర్చించేటప్పుడు రెండోదాన్ని తీసుకోవడమే సబబు.

పని లేని మరుగుజ్జులు భోజనశాల వంటి చోట్ల చేరి కబుర్లు చెప్పుకుంటారు. పరిచయం క్రమంగా స్నేహమవుతుంది. స్వభావాలు పొసగకపోతే పగ అవుతుంది. స్నేహితుడితో గడిపిన కాసేపు మనసుకు ఊరట. అయితే అతను దాడిలోనో గనిలోనో చనిపోతే, ఎందరితో చెలిమి చేశాడో అందరికీ ఆ దెబ్బ తగులుతుంది.

2014కు ముందు రూపాల్లో ఈ దెబ్బ మరుగుజ్జులుండే కోటలనే కూల్చేది. దుఃఖంలో ఉన్నవాడు కోపం పట్టలేక సామాను విరగ్గొట్టి, ఎదురైనవాణ్ణి కొట్టేవాడు. ఆ కొట్లాటలో మరొకరు చనిపోతే అతని మిత్రులూ అదే దారి పట్టేవారు. ఆటగాళ్లు దీన్ని ‘టాంట్రమ్ స్పైరల్’ అంటారు. స్నేహాలు పెరగకుండా అందరినీ ఎప్పుడూ పనిలో ఉంచమని అనుభవజ్ఞులు సలహా ఇచ్చేవారు. శోకానికి భయపడి స్నేహాన్నే అదుపు చేయడం ఈ గేమ్ చరిత్రలో అన్నిటికన్నా ఆలోచింపజేసే విషయం.

కోటల పతనానికి మిత్రవియోగం కన్నా కుళ్లుతున్న శవాల దృశ్యమే కారణమనే వాదన కూడా ఉంది. రెండూ సాధారణంగా కలిసే వస్తాయి; కానీ చావు ఒకరి నుంచి మరొకరికి గొలుసులా పాకిన తీరును మొదటి వివరణే బాగా చెబుతుంది.

2014లో సంతోషానికి ఒకే అంకె ఉండే పద్ధతి పోయి, భావోద్వేగాలు, ఒత్తిడి లెక్కలోకి వచ్చాయి. స్పైరల్స్ చాలావరకు తగ్గాయి. 2018లో చేర్చిన జ్ఞాపకాల వల్ల పాత మరణం ఏళ్ల తర్వాతా గుర్తుకొచ్చి బాధిస్తుంది. ఒక్కోసారి స్వభావాన్నే మార్చేస్తుంది.

అంత్యక్రియలకూ ఇక్కడ విలువ ఉంది. ఖననం కానివారు దయ్యాలై కోటలో తిరుగుతారు. శవం దొరకకపోతే, పేరు చెక్కిన స్మారక శిల నిలిపినా వారు శాంతిస్తారు.

టైనన్ సిల్వెస్టర్ రూపొందించిన మరో గేమ్ రిమ్‌వరల్డ్‌లోనూ మిత్రుడి మరణం మనోస్థితిని దిగజారుస్తుంది. గిట్టనివాడు చనిపోతే మాత్రం అది మెరుగుపడుతుంది.