హిదా గిరుల పూర్వయాత్రికులు

జపాను ప్రధానద్వీపమగు హొన్షూ నడుమ ఉత్తరదక్షిణములుగా వ్యాపించిన హిదా పర్వతశ్రేణికి విలియమ్ గౌలండ్ అను ఆంగ్లేయుడు 1881 ప్రాంతమున ‘జపాను ఆల్ప్సు’ అను పేరు వాడినది మొదలు, ఆ గిరుల చరిత్ర పాశ్చాత్యులతోనే ఆరంభమైనట్లు పలువురు తలచుట మిక్కిలి అన్యాయము.

శీతకాలమున ఆసియా ఖండమునుండి వీచు చలిగాలులు జపాను సముద్రముపై తేమను గ్రహించి, ఈ శిఖరములను తాకి అపారముగా హిమమును కురియుటచేత, వేసవియందు తప్ప మనుష్యసంచారము దుర్లభమైన ఈ సీమను పూర్వులు దివ్యభూమిగా భావించిరి. తతెయామా పర్వతమున గంధకపు ఆవిరులు వెడలు లోయను నరకముగాను, పైనున్న శిఖరములను పుణ్యలోకముగాను ఎంచి యాత్రికులు తరతరములుగా ఎక్కుచుండిరి. స్త్రీలకు మాత్రము 1872 వరకు ఆ భాగ్యము నిషిద్ధమై యుండెను. ఈ నిషేధము నాకు బాధాకరముగా తోచును. 1828లో బన్‌ర్యూ అను భిక్షువు, ఈటె మొనవలె నిలిచిన 3180 మీటర్ల యారి శిఖరము నధిరోహించి బుద్ధప్రతిమలను ప్రతిష్ఠించెను.

అన్నిటికంటె ఆశ్చర్యకరమైనది త్సురుగి శిఖర వృత్తాంతము. 2999 మీటర్ల ఎత్తుగల ఆ దుర్గమశృంగమును ఎవ్వరును ఎక్కలేదని నమ్ముచుండగా, 1907లో షిబసాకి యోషితారో నాయకత్వమున సైనిక సర్వే బృందమువారు పైకేగి చూడగా, అచ్చట ఇనుప ఖడ్గమొకటియు, వలయములు గల భిక్షుదండపు శిరోభాగమొకటియు లభించెను. వేయి సంవత్సరములకు పూర్వపువని పండితులు నిర్ణయించిన ఆ వస్తువులలో, దండము మన దేశపు బౌద్ధభిక్షువులు ధరించిన ఖక్ఖరమునకు సంతతియే.